ఆపరేషన్ బల్ల దగ్గర గట్టిమేళం

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం.

నాయనకు,

విమల నమస్కారాలు. నేను ఇక్కడ బాగున్నాను. మీరిద్దరూ బాగున్నారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. కాకపోతే వెంటనే రాయించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఆవు ఈనిందా? పలమనేరులో ఈపాటికి పొద్దున్నే మంచు కురుస్తూ ఉంటుంది. నువ్వు మఫ్లరు చుట్టుకొని కుట్టు అంగడి తలుపులు తీస్తూ ఉంటావు. ఇక్కడ మాత్రం ఇంకా ఫ్యాను కావాలి.

పెద్దవాళ్ళకు ఉత్తరం రాస్తే ‘మీరు’ అనాలని కాన్వెంటులో సిస్టర్లు నేర్పించారు. రెండు వాక్యాలు అలా రాసి చూశాను. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చిన మనిషికి రాసినట్టుంది. ఆ కాగితం పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను.

అమ్మా, దీన్ని నువ్వే చదివి వినిపిస్తావని తెలుసు. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. నెమ్మదిగా చదువు. పోయినసారిలాగా పైపైన చూసి ‘అంతా బాగుండాదంట’ అని మడిచి పెట్టెయ్యొద్దు. నాయన వినవలసింది మధ్యలో ఉంది.

‘మా ఆసుపత్రిలో ఇప్పుడు ఆపరేషన్‌కు టేపు పెడుతున్నాం’ అని పోయిన ఉత్తరంలో రాశాను. ‘కంటికి కూడా కొలతలు తీస్తారా అని మీ నాయన అడగతా ఉండాడు’ అని అమ్మ జవాబు రాసింది. చదివి నవ్వుకున్నాను. ఆ తర్వాత, తప్పు నాదేనని తోచింది. టేపు అంటే నీకు మెడలో వేలాడేది తప్ప ఇంకేది గుర్తొస్తుంది? నేను రాసింది టేపు రికార్డరు గురించి నాయనా. పాటలు పెట్టేది. అది ఆపరేషన్ గదిలోకి ఎందుకు వచ్చిందో, అక్కడ ఏం చేస్తోందో చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందు నా సంగతి. తిండికి లోటు లేదు. ఇంటావిడ రాజమ్మక్క వారంలో రెండుసార్లు సంగటి చేస్తుంది. ఊరిబిండి పచ్చడి కూడా నూరుతుంది గానీ అమ్మ చేతి కారం రాదు. ‘ఏందిమే, పిచ్చుక తిన్నెట్ల తింటావు’ అని రోజూ అంటుంది. నా గదికి ఒక్క కిటికీ. అందులోంచి కొండ కనిపిస్తుంది. వాన రోజుల్లో కొండ ఉండదు, మబ్బే ఉంటుంది. సాయంత్రాలు పుస్తకం తెరిచి ఆ మబ్బు చూస్తూ కూర్చుంటాను. పేజీ తిరగదు. అప్పుడు ఇల్లు గుర్తొస్తుంది. ఏడవను. నువ్వు దిగులు పడవద్దు. నేను బాగున్నాను.

వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు కంటి పొర తీయించుకోమని నిన్ను అడిగాను. నువ్వు అన్నం కలుపుతూ అన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. ‘సూడు పాపా, గుడ్డను కత్తిరించేటప్పుడు గుడ్డకు తెలీదు. నాకు తెలస్తాదే!’ అన్నావు. కన్ను తెరిపించి, మెలకువగా ఉంచి కోస్తారన్నదే నీ భయం. కత్తెరతో బతికినవాడివి. దాని చప్పుడు నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఆ మాటకు జవాబు ఇప్పుడు చెప్పగలను.

నేను చేరింది చీటీలు రాయడానికి. పేరు, ఊరు, ఏ కన్ను. బల్ల వెనక కూర్చుంటే ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే పని లేదు. నాకు సరిపోయింది. కానీ డాక్టరమ్మ తమ్ముడు కువైటు నుంచి టేపు రికార్డరు తెచ్చాడు. దాన్ని చంకలో పెట్టుకొని ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

‘మద్రాసులో మాకు చదువు చెప్పిన పెద్దాయన కన్ను కోస్తూ కూనిరాగం తీసేవారు. రోగులు ఆ రాగం వింటూ కదలకుండా పడుకునేవాళ్ళు. నాకు గొంతు లేదు. కాన్వెంటులో చదివావు కదా, నువ్వు పాడతావా?’

నేను తల అడ్డంగా ఊపాను. కాన్వెంటు ప్రార్థనలో నేను వెనక వరుసలో పెదవులు మాత్రం ఆడించే పిల్లను.

‘అయితే ఇది పాడుతుంది. దీన్ని చూసుకోవడం నీ పని’ అని దాన్ని నా చేతిలో పెట్టింది.

అలా నేను ఆ గదిలోకి వెళ్ళాను. గది చల్లగా ఉంటుంది. ఒక పెద్ద గుండ్రటి దీపం ఉంటుంది. బల్ల మీద పడుకున్న మనిషి ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పుతారు. కన్ను ఉన్నచోట గుడ్డకు కంత ఉంటుంది. అంచు మడిచి కుట్టి ఉంటుంది, నువ్వు చూస్తే పెద్ద గుండీ కాజా అంటావు. కంటి పక్కన మత్తు సూది వేస్తారు. అది నొప్పి పుడుతుంది, నీ దగ్గర దాచను. చీమ కుట్టినట్టని అందరికీ చెబుతారు గానీ అంతకంటే ఎక్కువే. ఆ తర్వాత కన్ను మొద్దుబారుతుంది. నొప్పి ఉండదు. కానీ చెవులు ఉంటాయి. స్టీలు పళ్ళెంలో కత్తెర పెట్టినా, నర్సు చెప్పులు కదిలినా, డాక్టరమ్మ ఊపిరి పీల్చినా ఆ గుడ్డ కింద ఉన్న మనిషికి పెద్దగా వినబడుతుంది. ప్రతి చప్పుడుకూ దుప్పటి కింద వేళ్ళు బిగుసుకోవడం నేను చూశాను.

పాట పెడితే ఆ చప్పుళ్ళు దూరం జరుగుతాయి. అంతేనని మొదట అనుకున్నాను. అంత సులువు కాదు. చంద్రగిరి నుంచి వచ్చిన ఒకాయనకు సినిమా పాట పెడితే పల్లవి రాగానే ఆయనా అందుకున్నాడు. పెదవులు ఆడితే బుగ్గ ఆడుతుంది, బుగ్గ ఆడితే కన్ను ఆడుతుంది. డాక్టరమ్మ చెయ్యి ఎత్తేసి, ‘అయ్యా, మీరు కచేరీ ముగించండి, ఆ తర్వాత నేను మొదలుపెడతాను’ అంది. సరే, మాటలు లేని పాట మేలని వీణ పెట్టాను. ఆ రోజు బల్ల మీద ఉన్న ముసలాయన హాయిగా గురక పెట్టాడు. నాకు సంతోషం వేసింది. డాక్టరమ్మకు వెయ్యలేదు.

‘నిద్రపోయినవాళ్ళు ఎక్కడున్నదీ మరిచిపోయి ఉలిక్కిపడి లేస్తారు. మెలకువగానే ఉండాలి, భయం మాత్రం ఉండకూడదు’ అంది.

మెలకువకూ నిద్రకూ మధ్య అలాంటి చోటు ఒకటుందని నాకు ముందే తెలుసు నాయనా. చిన్నప్పుడు మధ్యాహ్నాలు నీ కత్తిరింపు బల్ల కింద, గుడ్డపీలికల మీద పడుకునేదాన్ని. పైన రేడియో పాడుతూ ఉండేది. నీ మిషను నడుస్తూ ఉండేది. నీ కాలు నాకు కనిపిస్తూ ఉండేది, కిందికీ పైకీ. నేను నిద్రపోయేదాన్ని కాదు, లేచి ఉండేదాన్నీ కాదు. రంగురంగుల పీలికల మీద ఎటో తేలిపోతున్నట్టుండేది. బల్ల మీద పడుకున్నవాళ్ళను సరిగ్గా అక్కడికి తీసుకుపోవాలని నాకు ఆశ పుట్టింది.

అందుకని బాగా ఆలోచించి పెద్ద తప్పు చేశాను.

నాదస్వరమైతే మాటలూ ఉండవు, నిద్రా రాదు అనుకున్నాను. రాజమ్మక్క ఇంట్లో ఒక క్యాసెట్టు ఉంది. వాళ్ళ కూతురి పెళ్ళిలో మేళాన్ని టేపులో పట్టి పెట్టుకున్నారు. మొదట కాసేపు విన్నాను. తెల్లవారుజామున చెరకు తోటలో నడుస్తున్నట్టు, మెల్లగా, చల్లగా ఉంది. పూర్తిగా వినకుండానే తెచ్చుకున్నాను.

ఆ రోజు బల్ల మీద రెడ్డెమ్మ ఉంది. వడమాలపేట దగ్గర పల్లె. చెరకు, వేరుశెనగ పండించే ఇల్లు. నోరున్న మనిషి. చీటీ రాసేటప్పుడే ‘ఏ కన్నంటే ఏం చెప్పేదిమే, రెండూ దొంగవే’ అని అందరినీ నవ్వించింది. బల్ల ఎక్కగానే మాట ఆగిపోయింది. సన్నాయి మొదలైంది. దుప్పటి కింద వేళ్ళు విడిపోవడం చూశాను. డాక్టరమ్మ కన్ను కోసింది, పొర తీసింది. ఇక కుట్టు వెయ్యాలి. వంకర సూది, వెంట్రుక కంటే సన్నటి దారం. అప్పుడే ఉన్నట్టుండి డోలు అందుకుంది. గట్టిమేళం! దాని వెనక పెళ్ళిలో జనం గోల, ఎవరో ‘కానీయండి, కానీయండి’ అని అరవడం.

రెడ్డెమ్మ కుడిచెయ్యి దుప్పటిలోంచి బయటికి వచ్చింది. పిడికిలి మూసి ఉంది. పైకి లేచింది, అక్షింతలు వెయ్యడానికి.

నేను ఆలోచించలేదు. ఆ చేతిని గాలిలోనే రెండు చేతులతో పట్టుకున్నాను. డాక్టరమ్మ సూది పట్టుకున్న చెయ్యి కంటి మీద ఆగిపోయింది. గదిలో మేళం ఒక్కటే మోగుతోంది. నర్సు పరుగెత్తి మీట నొక్కింది.

‘రెడ్డెమ్మా, ఏమిటిది?’ అని డాక్టరమ్మ చాలా మెల్లగా అడిగింది.

గుడ్డ కింది నుంచి జవాబు వచ్చింది. ‘తాళి కడతా ఉండారు గదమ్మా. అక్షింతలు ఎయ్యకుండా ఎట్ల ఉండేది?’

ఎవరూ నవ్వలేదు. ఆ చెయ్యి నా చేతుల్లోనే ఉండిపోయింది. కుట్లు పూర్తయ్యేదాకా వదల్లేదు. బయటికి వచ్చాక నన్ను నేనే తిట్టుకున్నాను. మనవాళ్ళు ఎవరైనా మేళం వింటే చెయ్యి ఎత్తకుండా ఉంటారా? నేనైనా ఎత్తుతాను. పుస్తకాలు చదివే బుర్రకు అంత చిన్న సంగతి తట్టలేదు. డాక్టరమ్మ కోప్పడలేదు. ‘దేవుడి దయ. రేపటి నుంచి టేపు వద్దు’ అంది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

మరునాడు బల్ల మీద ఖాదర్ సాయిబు. చిత్తూరులో గాజుల అంగడి ఆయనది. చప్పుళ్ళన్నీ మళ్ళీ దగ్గరికి వచ్చేశాయి. పళ్ళెం టంగుమనగానే బల్లంతా కదిలేటంతగా వణికాడు. సూది కూడా వెయ్యలేక, మరోరోజు చూద్దామని డాక్టరమ్మ దింపేసింది. వరండాలో కూర్చొని ఆయన తుండుతో ముఖం తుడుచుకుంటూ, ‘ఈడ పాట పెడతారని చెప్పినారమ్మా. అందుకే వచ్చినా. పాట యాడ?’ అన్నాడు. నాకు నువ్వే కూర్చొని అడుగుతున్నట్టు ఉంది నాయనా.

వార్డులో కట్టుతో పడుకున్న రెడ్డెమ్మకు ఆ మాట చేరింది. డాక్టరమ్మ చూడటానికి రాగానే అందుకుంది. ‘ఏమ్మా, నా చెయ్యి లేస్తే ఆ సాయిబుకు పాట ఆపేస్తావా? తప్పు చేసింది నా చెయ్యి. ఆ పాప పట్టుకొనింది గదా. అందరికీ అట్లే పట్టుకోమను, పాట పెట్టు. నేను ఆ కాసేపు యాడికి పోయినానో తెలుసునా? మా చెల్లెలి పెండ్లికి. పందిట్లో మామిడాకుల వాసన గూడా వచ్చింది. నువ్వు నా కన్ను కోస్తా ఉన్నెట్లే తెలీలేదు.’

డాక్టరమ్మ నావైపు చూసింది. ‘పట్టుకుంటావా?’

ఎవరినీ ముట్టుకోను నేను, నీకు తెలుసు కదా. బస్సులో కూడా ఒదిగి కూర్చుంటాను. అయినా తల ఊపాను.

అప్పటినుంచి అదే నా పని. క్యాసెట్టు రెండువైపులా చివరిదాకా వింటాను. ముందురోజే పడక దగ్గరికి పోయి ఏ పాట కావాలో అడుగుతాను. వాళ్ళు సిగ్గుపడతారు, నేనూ సిగ్గుపడతాను. ఖాదర్ సాయిబును అడిగితే, ‘నీ ఇష్టం బేటీ. పెండ్లి మేళం మాత్రం వద్దు. నేను లేచి బిర్యానీ యాడ అని పోతా’ అన్నాడు. వేణువు పెట్టాను. మరీ పెద్దగా కాకుండా, పక్కింట్లో ఎవరో వాయించుకుంటున్నట్టు సన్నగా. ఒక చెయ్యి ఆయన చేతిలో, ఒక చెయ్యి మీట మీద. పిడికిలి బిగిస్తే పాట ఒక్క పిసరు పెంచుతాను. వదులైతే తగ్గిస్తాను. పాట సరిగ్గా కుదిరిందా లేదా అని ఆ చెయ్యే చెబుతుంది.

ఒక దశలో ఆయన వేళ్ళు కదిలాయి. భయమేమో అనుకున్నాను. కాదు. నా వేళ్ళ కణుపులను మెత్తగా దగ్గరికి నొక్కుతున్నాడు, గాజు ఎక్కించేటప్పుడు నొక్కినట్టు. గుడ్డ కింది నుంచి నిద్రలో పలికినట్టు, ‘రెండూ నాలుగు’ అన్నాడు. నా గాజుల సైజు అది. ‘సాయిబు గారూ, మాట్లాడకూడదు’ అని డాక్టరమ్మ అంది. ఆమె గొంతులో నవ్వు ఉంది. ఆయన అప్పుడు చిత్తూరులో తన అంగట్లో కూర్చొని ఉన్నాడు. వేణువు ఆయన్ని అక్కడ దించి వచ్చింది. ఇంటికి వెళ్ళాక నాకు గాజులు పంపించాడు. ఆకుపచ్చవి. సరిగ్గా పట్టాయి.

రెడ్డెమ్మ కట్టు విప్పిన రోజు నన్ను పిలిపించింది. నల్లద్దాలు కొంచెం ఎత్తి నన్ను పైనుంచి కిందికి చూసింది. ‘పెండ్లిలో నా చెయ్యి పట్టుకున్నెది నువ్వేనా? ఇంత సన్నగా ఉండావే. ఆ పట్టుకు నేను బలమైన మనిషి అనుకొంటిని’ అంది. తర్వాత గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి, నెల పేరు కూడబలుక్కొని చదివింది. తనకు తానే తల ఊపుకుంది.

నాయనా, ఇప్పుడు నీ సంగతి.

కాజాలు అమ్మ చేత కుట్టిస్తున్నావని, పోయిన వారం ఎవరిదో కాలరు తిరగేసి కుట్టావని అమ్మ రాసింది. నీకు చెప్పవద్దని కూడా రాసింది. అమ్మా, ఈ వాక్యం కూడా చదువు, దాటెయ్యొద్దు. నీ కంటి సంగతి డాక్టరమ్మకు చెప్పాను. పొర బాగా ముదిరితే లోపలే పగిలి నొప్పి పుడుతుందట. అప్పుడు తీసినా చూపు వస్తుందన్న నమ్మకం లేదంది. ఇప్పుడైతే వస్తుంది. అద్దాలు పెట్టుకుంటే సూదిలో దారం నువ్వే ఎక్కించుకుంటావట. ఆమె కుట్టు నేను దగ్గర నుంచి చూశాను. నీ చేతి కుట్టుకు తక్కువ కాదు. ఆ వంకర సూది నీకు చూపిస్తానని మాట ఇచ్చింది.

గుడ్డకు తెలియదు, నాకు తెలుస్తుంది అన్నావు. నిజమే, తెలుస్తుంది. అబద్ధం చెప్పను. కానీ కాసేపు వేరేచోట ఉండి తెలుసుకోవచ్చు. నిన్ను ఎక్కడికి పంపాలో నాకు తెలుసు. మన అంగట్లోకే, మధ్యాహ్నం పూట, రేడియో పాడుతుండగా.

ఒక్కటే చిక్కు. దాని గురించి చాలా రోజులు ఆలోచించాను. పాట వింటే నీ కాలు ఊరుకోదు. హుషారు పాటకు చొక్కా తొందరగా తయారయ్యేది, దిగులు పాటకు కుట్టు దగ్గర దగ్గరగా పడేది. భోజనానికి కూర్చున్నా, పక్కింటి రేడియో వినబడితే పీట ముందు నీ పాదం తొక్కుతూనే ఉంటుంది. ఇదంతా డాక్టరమ్మకు చెప్పాను.

‘కాలు ఆడితే తల ఆడుతుంది. ఆయనకు పాట లేకుండా చేద్దామా?’ అంది.

‘వద్దండీ. ఆయనకు పాట ఉండాలి’ అన్నాను. నేను ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు. కాలు ఎలా ఆపాలో కూడా చెప్పాను. ఆమె ఒప్పుకుంది. ఆ రోజు మీట దగ్గర నర్సు కూర్చుంటుంది.

వచ్చే గురువారం రండి. శుక్రవారం ఆమె నీకోసం ఖాళీ పెట్టుకుంది. పలమనేరులో పొద్దున బస్సు ఎక్కితే చిత్తూరు మీదుగా మధ్యాహ్నానికి వచ్చేస్తారు. నేను బస్టాండులో ఉంటాను. రాజమ్మక్క తన ముందుగది ఇస్తానంది. మెత్తటి తుండు, రెండు పంచెలు చాలు. అమ్మా, నాకు చింతకాయ తొక్కు కొంచెం, వీలైతే. లేకపోయినా ఫరవాలేదు. మీరు రావడమే కావాలి. అవ్వకు, చిన్నాయన వాళ్ళకు నా నమస్కారాలు చెప్పండి. అవ్వ దీవెన అడిగానని చెప్పండి. నేను బాగున్నాను. నా గురించి దిగులు వద్దు.

ప్రతి ఉత్తరం చివరా ‘నీ పాదాలకు నమస్కరించి’ అని రాసేదాన్ని. కాన్వెంటు హాస్టలు నుంచి కూడా అలాగే రాశాను. ఈసారి రాయడం లేదు నాయనా. శుక్రవారం నువ్వు బల్ల మీద పడుకుంటావు. రేడియోలో వచ్చినట్టు పాట సన్నగా వస్తుంది. నీ కాళ్ళు మిషను తొక్కాలని చూస్తాయి. నేను అక్కడే నిలబడి రెండు పాదాలూ పట్టుకొని ఉంటాను. అయ్యేదాకా వదలను.

నీ బిడ్డ,
విమల